స్విఫ్ట్ టైర్లు మార్చాలి: రెండు చాలునా, నాలుగూ వేయించాలా?

ప్రశ్న (అనంతపురం)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు 2018 మధ్యలో కొన్న స్విఫ్ట్ కారును రెండేళ్లుగా నేను నడుపుతున్నాను. ఇప్పటికి 54 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ బడికి వెళ్లి రావడం, నెలకు రెండుసార్లు 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ మీదుగా బెంగళూరు పోయి రావడం, పంట పనులున్నప్పుడు ఉరవకొండ దగ్గరి మా పల్లెకు వెళ్లడం, బండి వాడకమంతా ఇంతే. టైర్లు కొన్ననాటివే. కొలత 165/80 ఆర్14 85టి అని ఉంది. ముందు రెండూ అరిగి నున్నబడుతున్నాయి. వెనక రెండింటికీ బటన్లు (గాడుల మధ్య నేలను తాకే రబ్బరు) బాగానే ఉన్నాయి గాని, పక్క గోడల మీద వెంట్రుక మందాన పగుళ్లు కనిపిస్తున్నాయి.

ఊళ్లో ఒక దుకాణంలో చూపిస్తే, వెనకవి ఇంకో ఏడాది వస్తాయి, రెండు కొత్తవి ముందు వేసుకుంటే చాలు అన్నారు. నా కొలత స్టాకు లేదట. 175/65 ఆర్14 వేస్తాము, ఇంకాస్త వెడల్పు కాబట్టి రోడ్డును మరింత బాగా పట్టుకుంటుంది అన్నారు. ఎండాకాలంలో గాలి ఒత్తిడి రెండు పాయింట్లు (పీఎస్ఐ) తగ్గించి పెట్టుకోవాలని, నైట్రోజన్ అయితే ఆ బాధ ఉండదని కూడా చెప్పారు. వీటిలో ఏది నమ్మాలో, ఏది వదిలేయాలో తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

సమాధానం (కడప)

అమ్మా, నేను పద్దెనిమిదేళ్లు వీల్ అలైన్‌మెంట్ (చక్రాలు నేరుగా నిలిచేలా సరిచేసే) దుకాణం నడిపి మానేసినవాణ్ణి కాబట్టి అమ్మేవారి వైపు నుంచి కూడా ఈ మాట చెప్పగలను. ముందుగా టైరు వయసు చూడండి. పక్క గోడ మీద డి, ఓ, టి అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. ఉదాహరణకు 1418 అంటే 2018లో పద్నాలుగో వారం, అంటే ఏప్రిల్ తొలి రోజుల్లో తయారైందన్నమాట. ఆ అంకెలు టైరుకు ఒక వైపే ఉంటాయి కాబట్టి బయట కనిపించకపోతే బండి కిందికి వంగి లోపలి వైపు చూడవలసి వస్తుంది.

రబ్బరు తిరిగినా తిరగకపోయినా ముదురుతుంది. అందునా మన సీమ ఎండల్లో, ఆరుబయట నిలిపిన బండికి మరింత త్వరగా ముదురుతుంది. అయిదారేళ్లు దాటిన టైరును ఏటా పరీక్షించి చూడాలని, పదేళ్లు నిండితే బటన్లు ఎంత ఉన్నా తీసేయాలని తయారీదారులే చెబుతారు. ఏడేళ్లు దాటి, పక్క గోడ పగిలిన టైరుతో బెంగళూరు రహదారి మీద వంద వేగంతో పోవడం నా లెక్కలో తగని పని. కాబట్టి నాలుగూ మార్చండి. అరుగుదల సంగతికి వస్తే, గాడుల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మలుంటాయి. బటన్లు అరిగి ఆ దిమ్మల మట్టానికి వచ్చాయంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగిందని అర్థం. అంతకంటే తక్కువ లోతున్న టైరుతో కారు నడపడం కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు విరుద్ధం. మన వైపు వాన పడేదే తక్కువ కదా, గాడి ఎందుకని కొందరు అంటారు గాని, నెలల తరబడి ఎండి, దుమ్ము, నూనె పేరుకున్న రోడ్డు మీద తొలి జల్లు పడినప్పుడే బండి ఎక్కువగా జారుతుంది.

కొలత గురించి దుకాణదారు చెప్పినది వినడానికి బాగుంది గాని లెక్కకు నిలవదు. 165/80లో 165 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 80 అంటే ఆ వెడల్పులో 80 శాతం పక్క గోడ ఎత్తు, అంటే 132 మిల్లీమీటర్లు. పద్నాలుగు అంగుళాల రిమ్ముతో కలిపితే చక్రం మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు. 175/65కు పక్క గోడ 114 కూడా ఉండదు; మొత్తం ఎత్తు 583 దగ్గర ఆగుతుంది. అంటే బండి నేలకు దాదాపు 18 మిల్లీమీటర్లు దిగుతుంది. మీ పల్లె దారిలో గుంతలున్నచోట అది మీకు తెలిసి వస్తుంది. స్పీడు మీటరు కూడా ఉన్నదానికంటే ఇంకో ఆరు శాతం ఎక్కువ చూపుతుంది. వీటన్నిటికంటే ముఖ్యమైన సంగతి బరువు: మీ టైరు మీది 85 అనే అంకెకు ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదని అర్థం. 175/65 ఆర్14లో మామూలుగా దొరికేది 82, అంటే 475 కిలోలు. కుటుంబమంతా ఎక్కి, డిక్కీలో బియ్యం మూటలు వేసుకునే బండికి ఆ నలభై కిలోల తేడా చిన్నది కాదు. స్టాకు లేదన్నవారిని మీ కొలతే తెప్పించమనండి, లేదా ఇంకో దుకాణానికి వెళ్లండి. నాలుగు రోజులు ఆలస్యమైతే నష్టమేమీ లేదు.

సందేహం (కర్నూలు)

పైన రాసినవారితో చాలావరకు ఏకీభవిస్తున్నాను గాని, గాలి విషయం అంత తేలికగా వదిలేయకూడదు. నేను నంద్యాల వైపు, డోన్ వైపు రోజూ తిరిగేవాణ్ణి. ఎండలో గంటసేపు నడిపిన తరువాత కొలిస్తే 33 పెట్టిన గాలి 38 చూపుతుంది. అంత పెరిగితే టైరు పేలదా? అందుకే పోయిన మే నెలలో ఒక బంకులో ఆగి 33కు తగ్గించుకున్నాను. అయినా గుత్తి దాటకముందే వెనక టైరు పేలింది. ఇంకా తగ్గించి ఉండాల్సిందని మా డ్రైవరు అన్నాడు.

సమాధానం (కడప)

అయ్యా, మీరు చెప్పిన సంఘటనలోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది. కారు తయారీదారు చెప్పే అంకె చల్లని టైరుకు వర్తిస్తుంది. చల్లని టైరు అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా రెండు కిలోమీటర్లకు మించి నడవకూడదు. నడిచేకొద్దీ వేడి పెరుగుతుంది. లోపలి గాలి ఆరు డిగ్రీలు వేడెక్కిన ప్రతిసారీ ఒత్తిడి ఇంచుమించు ఒక పాయింటు పెరుగుతుంది. ఈ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే టైరును తయారు చేస్తారు. మీరు వేడి మీద 33కు దించారు. మరునాడు తెల్లవారి కొలిచి ఉంటే 28 చూపి ఉండేది.

గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టులోనూ పక్క గోడ దగ్గర ఎక్కువగా వంగి లేస్తుంది. తీగను అటూ ఇటూ వంచితే వేడెక్కినట్టే రబ్బరు, లోపలి దారపు పొరలు వేడెక్కుతాయి. ఆ వేడికి పొరలు విడిపోయి టైరు చీలిపోతుంది. మన ఎండల్లో నడుస్తూ నడుస్తూ పేలే టైర్లలో ఎక్కువ భాగం గాలి తక్కువైనవే గాని ఎక్కువైనవి కావు. మీరు ఆ టైరును విప్పించినప్పుడు లోపల నల్లని రబ్బరు పొడి కనిపించిందా? కనిపించి ఉంటే గాలి లేక నలిగిందనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. పాత టైరు అరిగిన తీరును బట్టి కూడా ఇది తెలుస్తుంది: నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది.

నైట్రోజన్ చెడ్డది కాదు, అవసరమూ కాదు. మనం పట్టించే మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నైట్రోజన్ ఉన్న టైరులో గాలి తగ్గితే మామూలు గాలి కలపకూడదన్నది అపోహ. నైట్రోజన్ దొరికే బంకు కోసం తక్కువ గాలితో ముప్పై కిలోమీటర్లు నడపడమే అసలు ప్రమాదం. డ్రైవరు వైపు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద ఏ అంకె ఉందో అదే, వేసవిలోనూ చలికాలంలోనూ, పదిహేను రోజులకోసారి పొద్దున్నే పట్టించండి.

సందేహం (కర్నూలు)

పొడి సంగతి నిజమే. దోసెడు పొడి రాలింది. అదేమిటో మెకానిక్కు కూడా చెప్పలేకపోయాడు. ఒక్క మాట అడుగుతాను. ఆ పేలుడు తరువాత నేను రెండు కొత్త టైర్లు కొని ముందు చక్రాలకు వేయించుకున్నాను. ముందు చక్రాలే బండిని లాగుతాయి, తిప్పుతాయి కదా. అది సరైనదేనా?

సమాధానం (కడప)

దాదాపు అందరూ అలాగే చేస్తారు గాని, రెండే కొన్నప్పుడు కొత్తవి వెనక ఉండాలి. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి మలుపులో తిరగకుండా నేరుగా పోతుంది. అప్పుడు కాలు తీస్తే వేగం తగ్గి మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనక చక్రాలు జారితే బండి తోక తిప్పుతుంది. దాన్ని సరిదిద్దడం మామూలు డ్రైవరు వల్ల కాదు. ముందు చక్రాలు లాగే బండికి పది వేల కిలోమీటర్లలోపే టైర్ల చోట్లు మార్చి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు వేయించుకుంటే అరుగుదల నాలుగింటికీ సమంగా వస్తుంది, ఈ చిక్కే రాదు. ముందువి నేరుగా వెనక్కి, వెనకవి అటుది ఇటు ఇటుది అటు ముందుకు రావాలి. టైరు మీద తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు ఉంటే మాత్రం ఏ వైపుది ఆ వైపే ఉండాలి.

అనంతపురం నుంచి మళ్లీ

మీరు చెప్పినట్టే కింద పడుకుని టార్చి వేసి చూశాను. నాలుగింటి మీదా 1418 అనే ఉంది. స్టెప్నీ మీద కూడా అదే. ఇంకో దుకాణంలో నా కొలతే మూడు రోజుల్లో తెప్పిస్తామన్నారు. మా తమ్ముడు మాత్రం ఎలాగూ ఖర్చు పెడుతున్నావు కదా, 15 అంగుళాల అలాయ్ వీల్స్ వేయించు అంటున్నాడు. వేయించవచ్చా? బిగించేటప్పుడు నేను దగ్గరుండి ఏమేమి చూసుకోవాలి?

సమాధానం (కడప)

తమ్ముడి మాట పూర్తిగా తీసేయదగినది కాదు. స్విఫ్ట్ పై రకాలకు కంపెనీయే 185/65 ఆర్15 ఇస్తుంది. దాని మొత్తం ఎత్తు 621 మిల్లీమీటర్లు, మీదానికి దాదాపు సమానం. కాబట్టి కొలత మారినా మీటరు తప్పు చూపదు. అయితే రిమ్ముకు నాలుగు బోల్టుల్లో ఎదురెదురు వాటి మధ్య దూరం 100 మిల్లీమీటర్లు, నడిమి రంధ్రం 54.1 మిల్లీమీటర్లు ఉండాలి. బయట అమ్మే అలాయ్ వీల్స్‌లో నడిమి రంధ్రం పెద్దదిగా చేసి అన్ని బండ్లకూ సరిపోతుందంటారు. అలాంటిదానికి ఆ ఖాళీని నింపే హబ్ రింగు వేయకపోతే చక్రం నడిమికి కూర్చోక వేగంలో కొట్టుకుంటుంది. నట్ల మొన ఆకారం కూడా కొత్త రిమ్ముకు సరిపోవాలి. పాత ఇనుప రిమ్ము నట్లు అన్ని అలాయ్ వీల్స్‌కూ పనికిరావు. ఇవన్నీ చూసుకునే ఓపిక ఉంటే వేయించండి. పల్లె దారికి మాత్రం నేను ఇనుప రిమ్మునే మెచ్చుకుంటాను, ఎందుకంటే గుంతలో పడి వంగితే కొట్టి సరిచేయించుకోవచ్చు. అలాయ్ పగిలితే అతికించినదాన్ని నమ్మి వేగంగా పోలేము.

బిగించే రోజున కొత్త టైర్ల మీది తేదీ అంకెలు ముందే చూడండి. కొన్ని నెలల పాతదైతే ఫర్వాలేదు, రెండేళ్ల పాతదైతే వెనక్కి ఇచ్చేయండి. రబ్బరు వాల్వులు కొత్తవి వేయమనండి. కొత్త టైరుకు పాత వాల్వు మిగిల్చి ఆదా చేసేది చాలా స్వల్పం. చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా సీసం ముక్కలు అంటించే బ్యాలెన్సింగ్‌కు ముందు పాత ముక్కలు పూర్తిగా తీసేయాలి. నట్లను మొదట చేత్తో తిప్పి పట్టించి, తరువాత ఎదురెదురుగా బిగించాలి. గాలి గన్నుతో ఒక్కసారిగా బిర్రుగా బిగిస్తే రేపు దారిలో పంక్చరైనప్పుడు మీ చేతి స్పానరుకు అది ఊడదు. చివరగా అలైన్‌మెంట్ చేయించి, ఆ కాగితంతోపాటు టైరు నంబర్లు రాసిన బిల్లు దాచుకోండి. కొత్త టైరు పైపొర కొంచెం జారుడుగా ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టిగా బ్రేకు వేయకుండా నడపండి. ఎనభై, వంద కిలోమీటర్ల తరువాత నట్లను మరోసారి సరిచూడండి.

స్టెప్నీ కూడా అదే వయసుది కాబట్టి దాన్ని పంక్చర్ దుకాణం దాకా నెమ్మదిగా చేర్చడానికి మాత్రమే వాడండి, డబ్బు సమకూరినప్పుడు మార్చండి. పొలాల గట్ల మీది కంప ముళ్లు మెత్తని టైరులోకి విరిగి దిగబడి నాలుగైదు రోజులు గాలి కొంచెం కొంచెంగా వదులుతాయి. నడిమి భాగంలో ఆరు మిల్లీమీటర్లలోపు రంధ్రమైతే టైరు విప్పించి లోపలి నుంచి ప్యాచ్ వేయించుకోవచ్చు. బయట నుంచి గుచ్చే పుల్ల అప్పటి అవసరానికే. పక్క గోడకు ముల్లు దిగినా, తాడిపత్రి వైపు బండల లారీల నుంచి రాలిన రాతి ముక్క కోసినా, ఉబ్బు కనిపించినా ఆ టైరు ఇక పనికిరాదు.

అనంతపురం నుంచి చివరిగా

తమ్ముణ్ణి ఒప్పించి పాత రిమ్ములకే నాలుగు టైర్లు వేయించాను. వందో కిలోమీటరు దగ్గర నట్లు చూపిస్తే ఎడమ వెనక చక్రానికి ఒకటి పావు చుట్టు తిరిగింది. అంతా బాగుందనుకుని పల్లెకు వెళ్లి, వాన పడ్డ నల్లరేగడి దారిలో దిగబడి బయటపడ్డాను. మరునాడు రహదారి మీద ఎనభై దాటగానే స్టీరింగు వణకడం మొదలైంది. బ్యాలెన్సింగ్ సరిగా చేయలేదనుకుని దుకాణానికి వెళ్లాలా?

సమాధానం (కడప)

వెళ్లకముందు చక్రాల లోపలి వైపు చూడండి. స్టీరింగు వణికితే ముందు చక్రాలు, కూర్చున్న సీటు వణికితే వెనక చక్రాలు అనుకోవచ్చు. నల్లరేగడి రిమ్ము లోపలి అంచున ఒక చోట ముద్దగా అంటుకుని ఎండితే, బ్యాలెన్సింగ్‌లో గ్రాముల లెక్కన సరిచేసినదంతా వృథా అవుతుంది.

అనంతపురం నుంచి

ముందు కుడి చక్రం లోపల అరచేయంత మట్టిగడ్డ ఉంది. నీళ్లు పట్టి కర్రతో గీకి తీశాను. ఈ పూట రాప్తాడు దాకా పోయి వచ్చాను, వంద దగ్గర కూడా వణుకు లేదు.