బరంపురంలో మేడమీద ఎనిమిది అడుగుల ఉప్పునీటి తొట్టె: సలహాలు కావాలి

పట్టునగరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. చిన్నప్పుడు మా నాన్నగారు విశాఖ తీసుకువెళ్లి బీచి రోడ్డులోని మత్స్యదర్శిని చూపించిన నాటి నుంచి, ఇంట్లో సముద్రపు తొట్టె ఒకటి ఉండాలన్న కోరిక నన్ను వదలలేదు. ఇరవై ఏళ్లుగా మంచినీటి చేపలు పెంచుతున్నాను కనుక బొత్తిగా కొత్తవాణ్ని కాను. ఇప్పుడు మేడమీది హాలులో ఎనిమిది అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు గల తొట్టె కట్టించాలని ఉంది. లెక్క వేస్తే సుమారు 1,400 లీటర్లు వస్తోంది. గోపాలపూర్ మాకు దగ్గరే కాబట్టి నీళ్లు, ఇసుక అక్కడి నుంచే తెప్పించుకుంటే ఖర్చు కలిసివస్తుందని ఆలోచన. లోపల పగడాలు, సముద్రపు గుర్రాలు, క్లౌన్ చేపలు ఉండాలి. అద్దం మందం ఎంత ఉండాలో, ఫిల్టరు ఏది మంచిదో అనుభవజ్ఞులు చెప్పగలరు. మా ఆవిడ మాత్రం ముందు కరెంటు సంగతి అడగమంటోంది.

ఉప్పుపొర (జవాబు):

మీ ఇంటావిడగారు అడగమన్నదే అసలు ప్రశ్న. మన గంజాం తీరంలో తొట్టె ఎంత పెద్దదో నిర్ణయించేది హాలు కాదు, కరెంటు పోయిన తరువాత పంపును మీరు ఎన్ని గంటలు తిప్పగలరన్నదే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు నా దగ్గర నాలుగడుగుల ఉప్పునీటి తొట్టె ఉండేది. ఇన్వర్టరు మరునాటి మధ్యాహ్నానికే చేతులెత్తేసింది. ఆ తరువాత నేనూ, మా తమ్ముడూ, మా అమ్మా వంతులు వేసుకుని, చెంబుతో నీళ్లు ముంచి మూర ఎత్తు నుంచి మళ్లీ తొట్టెలోనే ధారగా పోస్తూ కూర్చున్నాం, గాలి కలవాలని. వెచ్చని నీటిలో, అందులోనూ ఉప్పునీటిలో, ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. మా వీధికి కరెంటు వచ్చేసరికి ఏడు చేపల్లో రెండు మిగిలాయి.

కనుక లెక్క వెనక నుంచి మొదలుపెట్టండి. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కాగితం మీద 1,800 వాట్ అవర్లు. తరుగులు పోను 1,200 దక్కుతుందనుకోండి. 40 వాట్ల డీసీ పంపు దాని మీద ముప్ఫై గంటలు తిరుగుతుంది. అదే బ్యాటరీకి నీటిని చల్లబరిచే 400 వాట్ల చిల్లరు యంత్రం తగిలిస్తే మూడు గంటలే. చిల్లరు లేకుండా నడుపుదామంటే మే నెలలో నీళ్లు ముప్ఫై దాటుతాయి, మనకు కావలసింది 25, 26 డిగ్రీలు. నీటిపై ఫ్యాను పెట్టి చల్లబరిచే ఉపాయం పొడిగాలి ఉన్న ఊళ్లలో పనిచేస్తుంది గాని మన ఉక్కలో ఆవిరి త్వరగా లేవదు.

మేడమీద ఆలోచన మానుకోండి. 1,400 లీటర్ల సముద్రపు నీరే 1,430 కిలోలకు పైన, అద్దం, రాళ్లు, స్టాండు కలిస్తే రెండు టన్నులకు చేరుతుంది. ఇళ్ల శ్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల అదనపు బరువు లెక్కన కడతారు. మీ తొట్టె ఆక్రమించే రెండు చదరపు మీటర్ల లోపు చోట చదరపు మీటరుకు వెయ్యి కిలోలు పడుతుంది.

ఇక సంపు, అంటే పెద్ద తొట్టె కింద ఉండే ఫిల్టరు తొట్టె. చెరువుకు అలుగు ఎలాగో తొట్టెకు ఓవర్‌ఫ్లో అలాగ: అలుగు మీద పొర్లిన నీరు కింది సంపులోకి దిగి, శుభ్రపడి, పంపు ద్వారా పైకి వస్తుంది. కరెంటు పోగానే పైనీరు అలుగు అంచు వరకూ కిందికి దిగిపోతుంది. పంపు ఆగినప్పుడు పైగొట్టం నీటిని వెనక్కి లాగకుండా, గాలి చొరబడేందుకు దానికి సన్నని రంధ్రం వేస్తారు. ఆ రంధ్రాన్ని పాచి మూసేసి ఉండగా కరెంటు పోయిన రాత్రి నా సంపు నిండుగా ఉంది. తెల్లవారి చూస్తే గది నిండా చీలమండ లోతు నీళ్లు, అవి ఆరాక గచ్చు మీద ముగ్గు వేసినట్టు ఉప్పు.

గోపాలపూర్ కెరటం (జవాబు):

మాది తీరంలోనే, మా పక్క వీధంతా తెలుగు జాలరుల ఇళ్లే. నీళ్ల విషయంలో కాలం చూసుకోవాలి. వానలు ముగిశాక గంగ, మహానది వంటి నదుల మంచినీరు బంగాళాఖాతం ఉత్తర భాగాన కలిసి, తీరం వెంబడి దక్షిణానికి దిగివస్తుంది. పైగా రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు మాకు ఎగువనే ఉంది. దసరా రోజుల్లో పట్టిన నీటి సాంద్రతను (మంచినీటిది 1 అనుకుంటే) నేను కొలిస్తే 1.019 మాత్రమే చూపింది, తొట్టెకు కావలసింది 1.025. వేసవిలో నీరు చిక్కబడుతుంది గాని, తీరపు మురుగు, పడవల డీజిలు కూడా వెంట వస్తాయి. ఆర్వో నీటిలో లీటరుకు 35 గ్రాముల చొప్పున అక్వేరియం ఉప్పు కలుపుకోవడమే నయం.

ఇసుక అసలు వద్దు. మన ఒడ్డున కనిపించే నల్లని చారలు ఇల్మనైటు వంటి బరువైన ఖనిజాలు. ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ వారు తవ్వితీసేది వాటినే. మిగిలినది చాలావరకు స్ఫటికపు రేణువులు. ఉప్పునీటి తొట్టెకు సున్నపు ఇసుక కావాలి.

పర్లాకిమిడి పాఠకుడు (జవాబు):

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో పగడాలనూ సముద్రపు గుర్రాలనూ చేర్చారు. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ దక్కింది. దుకాణంలో 'లైవ్ రాక్' పేరుతో అమ్మే పగడపు దిబ్బ ముక్కలు కూడా అందుకే ప్రమాదం. పొడి కృత్రిమ రాళ్లు వాడి, వాటిలో మేలుచేసే బ్యాక్టీరియా నిలదొక్కుకునే వరకు నాలుగు నుంచి ఆరు వారాలు చేప లేకుండా ఓపిక పట్టండి. చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు రావాలి.

క్లౌన్ చేపల మీద మీకు బెంగ అక్కరలేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటిని హేచరీలో పిల్లలు చేయించే పద్ధతిని రూపొందించింది. తొట్టెలో పుట్టిన పిల్లనే అడిగి కొనండి. పొడిమేత మొదటి రోజు నుంచే తింటుంది.

పట్టునగరం:

ముగ్గురికీ కృతజ్ఞతలు. తొట్టెను కింది అంతస్తుకు దింపి, ఆరడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తులకు కుదించాను. నీరు 680 లీటర్లు, ఉప్పు 24 కిలోలు. పగడాలు, గుర్రాలు జాబితాలోంచి కొట్టివేశాను. నీటి మట్టం ఒక్క అంగుళం దిగితే 28 లీటర్లని తేలింది, కనుక సంపులో 80 లీటర్ల చోటు ఖాళీగా ఉంచితే సరిపోతుందా?

ఉప్పుపొర:

అలుగు అంచుకు రెండంగుళాల కంటే పైన నీరు నిలవకపోతే సరిపోతుంది. అయినా నీళ్లు నింపిన మొదటి రోజే, చేపలు రాకముందే, మెయిన్ స్విచ్ ఆపి సంపు పక్కనే స్టూలు వేసుకుని కూర్చోండి. నీరు ఆగిన గీతను మార్కరుతో గుర్తు పెట్టుకోండి. అద్దం 12 మిల్లీమీటర్లు చాలు, పైఅంచు పట్టీలు మాత్రం మరవకండి.