లీగల్, లాఫుల్, లెజిటిమేట్: మూడింటికీ 'చట్టబద్ధం' అనేస్తే సరిపోతుందా?

బెజవాడ_అనువాదకురాలు
అందరికీ నమస్కారం. ఒక కంపెనీ ప్రైవసీ నోటీసును తెలుగులోకి మారుస్తున్నాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఆ నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు మనకు ఉండాలి. చిక్కు ఎక్కడంటే, ఆ చట్టం 4వ సెక్షన్‌లో 'లాఫుల్ పర్పస్' ఉంది, దాని పక్కనే 'లెజిటిమేట్ యూజెస్' కూడా ఉంది. రెండింటికీ చప్పున తోచే మాట చట్టబద్ధమే. అలా రాస్తే చదివేవాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తుంది, కానీ చట్టం వాటిని వేరు చేసింది. మీ పనుల్లో, మీ కాగితాల్లో ఈ మాటలు ఎలా ఎదురయ్యాయో చెప్పండి. డిక్షనరీ అర్థాలు నా దగ్గర ఉన్నాయి, వాడుక కావాలి.

కోర్టు_గుమస్తా_రిటైర్డ్
అమ్మా, ముందు 'లీగల్' సంగతి తేల్చుకోండి. ఆ మాట రెండు పనులు చేస్తుంది. లీగల్ నోటీసు, లీగల్ అడ్వైజర్, లీగల్ ఖర్చులు అన్నప్పుడు 'చట్టానికి సంబంధించిన' అని అర్థం. వాటిని చట్టబద్ధ నోటీసు, చట్టబద్ధ సలహాదారు అని రాసిన కాగితాలు మా కోర్టులో చాలా చూశాను. చట్టబద్ధం కాని సలహాదారు కూడా ఉంటాడా? న్యాయ సలహాదారు అంటే చాలు. ఇక 'ఇది లీగలేనా?' అని అడిగితే అప్పుడు చట్టం ఒప్పుకుంటుందా అని అర్థం. 'లాఫుల్'కు మొదటి అర్థం లేదు, రెండోదే ఉంది. అందుకే లాఫుల్ నోటీసు అని లాయరెవరూ అనరు.

వైజాగ్_లా_విద్యార్థి
గుమస్తా గారు చెప్పినదానికి కొనసాగింపు. మా క్లాసులో అందరూ తికమకపడేది 'వాయిడ్', 'అన్‌లాఫుల్' దగ్గర. 1872 కాంట్రాక్టు చట్టంలో 10వ సెక్షన్ ఒప్పందం లక్ష్యం లాఫుల్‌గా ఉండాలంటుంది, ఏది లాఫుల్ కాదో 23వ సెక్షన్ చెబుతుంది. 30వ సెక్షన్ మాత్రం పందెం ఒప్పందం వాయిడ్ అని ఊరుకుంటుంది. వాయిడ్ అంటే కోర్టు దాన్ని అమలు చేయదు, అంతే. పందెం వాయిడ్ అయినంత మాత్రాన అది 23వ సెక్షన్ కింద అన్‌లాఫుల్ అయిపోదని 1959లో ఘేరూలాల్ పరఖ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

దీనికి డబ్బు మీద ప్రభావం ఉంది. అసలు ఒప్పందం కేవలం వాయిడ్ అయితే, దానికి అనుబంధంగా చేసుకున్న ఇంకో ఒప్పందం నిలబడొచ్చు. అసలుదే చట్టవిరుద్ధమైతే అనుబంధం కూడా దానితోపాటే పోతుంది. ఒక జాగ్రత్త: ఇది కాంట్రాక్టు చట్టం మాట. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేల మీద నిషేధం పెట్టాయి. కాబట్టి 'వాయిడే కదా, నేరం కాదు' అని ఎవరూ యాప్‌లో డబ్బులు పెట్టకండి.

నల్గొండ_డాక్యుమెంట్_రైటర్
మా దగ్గరికి రోజూ వచ్చే ప్రశ్న ఇదే. 'అన్నా, సాదాబైనామా ఇల్లీగలా?' తెల్లకాగితం మీద రాసుకుని, డబ్బులిచ్చి, భూమి దున్నుకుంటున్న రైతును ఇల్లీగల్ అంటే భయపడిపోతాడు. ఆయన నేరమేమీ చేయలేదు. కాకపోతే 100 రూపాయలు, అంతకు మించిన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టర్డ్ దస్తావేజు ఉండాలి. అది లేదు కాబట్టి హక్కు ఆయన పేరు మీదికి మారలేదు. ఈ రెండు ముక్కలూ విడివిడిగా చెబితే మనిషి కుదుటపడి, చేయాల్సిన పని చేసుకుంటాడు.

జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద ప్లాటు కొన్నవాళ్లదీ ఇదే గోస. అలాంటి కాగితాలతో యాజమాన్యం రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో నిజమైన జీపీఏ లావాదేవీలకు ఇబ్బంది లేదని కూడా చెప్పింది. ఆ రెండో మాట చాలామందికి చేరలేదు.

ఇంకోటి. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ రెగ్యులరైజేషన్ స్కీమ్)లో 'ఆర్' అంటే రెగ్యులరైజేషన్, క్రమబద్ధీకరణ. జనం దాన్ని 'లీగల్ చేయించుకున్నాం' అంటున్నారు. లేఅవుట్ లోపం సర్దుబాటయిందంటే అమ్మినోడి టైటిల్, అంటే యాజమాన్య హక్కు, కూడా సరైపోయిందని కాదు. లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) వేరే చూసుకోవాల్సిందే.

డల్లాస్_తెలుగు
ఇక్కడ అమెరికాలో ఈ మాటల తేడా మీద మనవాళ్ల బతుకులే ఆధారపడి ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను చట్టం 'లాఫుల్ పర్మనెంట్ రెసిడెంట్' అంటుంది. వీసా మీద ఉన్నవాళ్లకు రెండు వేర్వేరు లెక్కలుంటాయి: 'అవుట్ ఆఫ్ స్టేటస్' (వీసా హోదా పోవడం) ఒకటి, 'అన్‌లాఫుల్ ప్రెజెన్స్' (అనుమతి లేకుండా దేశంలో ఉన్న రోజుల లెక్క) ఒకటి. లేఆఫ్ అయినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ రెండూ కలిపేసి టెన్షన్ పెంచుతారు.

హెచ్1బీ ఉద్యోగం పోతే 60 రోజుల దాకా గ్రేస్ ఉంటుంది. ఐ-94, అంటే ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు, అంతకంటే ముందే ముగిస్తే అక్కడితో ఆఖరు. గ్రేస్ దాటాక ఏ దరఖాస్తూ పెట్టకుండా ఉంటే అవుట్ ఆఫ్ స్టేటస్. కానీ అన్‌లాఫుల్ ప్రెజెన్స్ లెక్క మామూలుగా ఐ-94 గడువు దాటాక మొదలవుతుంది. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద వచ్చి, ఐ-94లో తేదీ బదులు 'డీ/ఎస్' (డ్యురేషన్ ఆఫ్ స్టేటస్, హోదా ఉన్నంతకాలం) అని ఉన్నవాళ్లకు ఇమిగ్రేషన్ అధికారులో, జడ్జో నిర్ధారించేదాకా ఆ లెక్క మొదలు కాదు. ఇది ఎందుకు ముఖ్యమంటే, 1996 చట్టం ప్రకారం 180 రోజులు దాటి, ఏడాదిలోపు అన్‌లాఫుల్ ప్రెజెన్స్ ఉండి దేశం విడిచి వెళ్తే మూడేళ్లు తిరిగి రాలేరు. ఏడాది, ఆపైన అయితే పదేళ్లు.

అలాగని స్టేటస్ పోయినా ఫర్వాలేదని నేను అనడం లేదు. అదీ సమస్యే, పని చేసే హక్కు ఉండదు. మీ కేసు ఇమిగ్రేషన్ లాయర్‌కు చూపించుకోండి. అడిగేటప్పుడు మాత్రం 'నేను ఇల్లీగల్ అయిపోయానా' అనకండి, ఈ రెండు ప్రశ్నలూ విడిగా అడగండి. సరైన జవాబు వస్తుంది.

ఒంగోలు_టీచర్
'లెజిటిమేట్' గురించి ఎవరూ ఎత్తలేదు. పిల్లలు ఈ మధ్య 'ఈ కన్సల్టెన్సీ లెజిటేనా?' అంటున్నారు. అక్కడ అది చట్టం మాట కాదు, నమ్మొచ్చా, మోసమా అని అడగడం.

నన్ను బాధపెట్టేది 'ఇల్లెజిటిమేట్'ను పిల్లలకు అంటగట్టడం. మన పేపర్లు ఇప్పటికీ 'అక్రమ సంతానం' అని రాస్తాయి. 1955 హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ చదవండి. పెళ్లి వాయిడ్ అయినా, ఆ పెళ్లిలో పుట్టిన బిడ్డ లెజిటిమేటే. మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు, బిడ్డ మాత్రం చెల్లుతుంది. ఉమ్మడి ఆస్తిలో తల్లికో తండ్రికో రావాల్సిన వాటాలో ఆ బిడ్డకు భాగం ఉంటుందని 2023 సెప్టెంబరు 1న రేవణసిద్దప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టమే ఆ మాట తీసేశాక మనం ఇంకా ఎందుకు రాయాలి? స్కూల్ అడ్మిషన్ల సమయంలో ఈ మాట వినలేక తలదించుకునే తల్లుల్ని చూస్తున్నాను.

గుంటూరు_మిర్చి
చిన్న ముక్క. పోలీసుల ప్రెస్ నోట్లలో 'ఐడీ లిక్కర్' అని వస్తుంది కదా, ఆ 'ఐ' అంటే ఇల్లిసిట్, అక్రమం అని. అదే నాటుసారా. దానికి వ్యతిరేక పదం 'లిసిట్' మన వాడుకలో దాదాపు లేదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, యూపీల్లో లైసెన్సుతో చేసే నల్లమందు సాగు గురించి కేంద్రం కాగితాల్లో కనిపిస్తుంది, అంతే.

బెజవాడ_అనువాదకురాలు
చాలా ఉపయోగపడింది, టీచర్ గారి మాట మరీనూ. లా విద్యార్థి తమ్ముడూ, నా 4వ సెక్షన్‌కు ఏం రాయమంటావు?

వైజాగ్_లా_విద్యార్థి
అక్కా, అదే సెక్షన్‌లో నిర్వచనం ఉంది. లాఫుల్ పర్పస్ అంటే చట్టం స్పష్టంగా నిషేధించని ఏ ప్రయోజనమైనా. కాబట్టి 'చట్టం నిషేధించని ప్రయోజనం' అని రాయొచ్చు. లెజిటిమేట్ యూజెస్ 7వ సెక్షన్‌లో ఉన్న జాబితా: ప్రభుత్వ సబ్సిడీ ఇవ్వడం, కోర్టు ఆదేశం పాటించడం, ప్రాణాపాయంలో వైద్యం, విపత్తు, ఉద్యోగానికి సంబంధించిన అవసరాలు, ఇలాంటివి. మన సమ్మతి తీసుకోకుండానే డేటా వాడుకోగల సందర్భాలు ఇవి. వీటికి 'చట్టం అనుమతించిన వినియోగాలు' అంటే బాగుంటుంది. నిషేధించకపోవడం ఒకటి, పేరు పెట్టి అనుమతించడం ఒకటి.

బెజవాడ_అనువాదకురాలు
ఈ రెండే పెడుతున్నాను. ఇంగ్లిష్ మాటల్ని మొదటిసారి వచ్చిన చోట తెలుగు లిపిలో పక్కన ఇస్తాను, చదివేవాళ్లు రేపు కంపెనీతో మాట్లాడాల్సి వస్తే ఆ మాటతోనే అడగగలగాలి. 7వ సెక్షన్ జాబితా పూర్తయ్యాక ఇక్కడే పెడతాను, అందరూ ఒకసారి చూడండి.