మొత్తం -= అంటే కుదించి రాయడం మాత్రమేనా?

కర్నూలు విద్యార్థి:
మా మామ ఉల్లి మండీ లెక్కల కోసం జావాలో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. రైతుకు రావలసిన 12,000 రూపాయల నుండి హమాలీ 480, కాటాకూలి 150 తీసివేయడానికి ‘మొత్తం -= హమాలీ + కాటాకూలి’ (-= అంటే ఎడమవైపు విలువ నుండి కుడివైపుది తీసివేసి, ఫలితాన్ని ఎడమవైపే ఉంచడం) అని రాస్తే 11,370 సరిగానే వచ్చింది. చదివేవారికి తేలికగా ఉంటుందని దానిని ‘మొత్తం = మొత్తం - హమాలీ + కాటాకూలి’ అని విడదీస్తే 11,670 వస్తోంది. రెండూ ఒకటేనని తరగతిలో నేర్చుకున్నాను. ఎక్కడ పొరబడ్డానో పెద్దలు చెప్పగలరు.

అనంతపురం అధ్యాపకుడు:
బాబూ, విడదీసేటప్పుడు మీరు బ్రాకెట్లు వదిలేశారు. -= గుర్తుకు కుడివైపున ఉన్నదంతా ముందుగా లెక్కకట్టి, వచ్చిన 630ని ఒక్కసారిగా తీసివేస్తారు. మీ రెండవ రాతలో కాటాకూలి తగ్గడానికి బదులు కలిసింది. అందుకే సరిగ్గా 300 తేడా వచ్చింది.

నేను తరగతిలో ప్రతి ఏడాదీ పట్టుబట్టి చెప్పే విషయం మరొకటి ఉంది. ఎడమవైపు భాగాన్ని ఈ గుర్తు ఒక్కసారే లెక్కిస్తుంది. ++ అంటే వరుస సంఖ్యను ఒకటి పెంచడం, += అంటే కలిపి అక్కడే ఉంచడం. కాబట్టి ‘సంచి[వరుస++] += 5’ అంటే వరుస ఒక్క మెట్టే ముందుకు జరుగుతుంది; అదే విడదీసి రాస్తే రెండు మెట్లు జరిగి, ఒక సంచిలోని విలువకు 5 కలిపి మరొక సంచిలో పెట్టినట్లవుతుంది. పైగా జావాలో ఈ గుర్తు, ఫలితాన్ని ఎడమవైపు వేరియబుల్ రకానికి తానే మార్చేస్తుంది. -128 నుండి 127 వరకే పట్టే బైట్ రకం వేరియబుల్‌లో 127 ఉన్నప్పుడు += 1 అంటే ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఒక్క మాట కూడా అనదు, విలువ మాత్రం -128 అవుతుంది. విడదీసి రాస్తే కంపైలరే ఆపుతుంది. డబ్బు లెక్కలలో ఇది చాలా ప్రమాదకరం.

ఈ గుర్తులకు చరిత్ర కూడా ఉంది. సి భాషకు ముందున్న బి భాషలోనూ, తొలినాటి సి భాషలోనూ +=ను =+ అని, -=ను =- అని రాసేవారు. అప్పుడు =-1 అని కనిపిస్తే ఒకటి తీసివేయాలా, మైనస్ ఒకటిని ఉంచాలా అన్నది తేలేది కాదు. ఆ పొరపాటును 1976లో సరిదిద్దారని సి భాషను రూపొందించిన డెనిస్ రిచీ స్వయంగా రాశారు.

కడప ప్రోగ్రామర్:
పైథాన్ వాడేవారికి నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను. ఒక పాల కేంద్రం కోసం ‘నేటి = నిన్నటి’ అని లిస్టును తీసుకుని (ఇలా రాస్తే రెండు పేర్లూ ఒకే లిస్టును సూచిస్తాయి), ‘నేటి += కొత్తవారు’ అని పేర్లు చేర్చాను. నిన్నటి లిస్టులో కూడా ఆ పేర్లే కనిపించేసరికి సాయంత్రం వరకు తల పట్టుకున్నాను. పైథాన్‌లో లిస్టుపై += ఉన్న లిస్టునే పెంచుతుంది, ‘నేటి = నేటి + కొత్తవారు’ అన్నది మాత్రం కొత్త లిస్టును తయారుచేస్తుంది. సంఖ్యలతో ఈ చిక్కు రాదు, ఎందుకంటే సంఖ్యను ఉన్నచోట మార్చడం అక్కడ కుదరదు.

కర్నూలు విద్యార్థి:
అధ్యాపకులు గారూ, బ్రాకెట్లు పెట్టాను, 11,370 వచ్చింది. సంచుల లెక్కకు వాడిన బైట్‌ను కూడా పెద్ద సంఖ్యలు పట్టే ఇంట్‌గా మార్చాను. మండీకి ఒక్క లారీలోనే 127 కంటే ఎక్కువ సంచులు వస్తాయి.