‘మలుగులు’ అనా, ‘మలుగులే’ అనా?

పినాకిని:
బ్రిటిష్ హాస్య బృందం మాంటీ పైథాన్ టీవీలో ఆడిన హంగేరియన్ ఫ్రేజ్‌బుక్ స్కెచ్‌లో ‘మై హోవర్‌క్రాఫ్ట్ ఈజ్ ఫుల్ ఆఫ్ ఈల్స్’ అనే వాక్యానికి (ఈల్స్ అంటే పాముల్లా పొడుగ్గా ఉండే చేపలు, హోవర్‌క్రాఫ్ట్ అంటే గాలి దిండు మీద నీళ్లపై తేలుతూ పోయే వాహనం) ఒక తెలుగు చాలా ఏళ్లుగా నా నోట్లో ఆడుతోంది. మా ఇంగ్లీషు లెక్చరర్ ఒకాయన అనువాదం గురించి పాఠం చెప్పినప్పుడల్లా అనేవారు. ‘నా హోవర్‌క్రాఫ్ట్ నిండా మలుగులే’ అన్నారో, ‘మలుగులు’ అని ఆపేశారో తేల్చుకోలేకపోతున్నాను. పొగాకు కొట్లో హంగేరియన్ వేషంలో ఉన్న జాన్ క్లీజ్, అన్నీ తప్పుడు అనువాదాలే ఉన్న ఆ పుస్తకం పట్టుకుని ఒక్కో మాటా ఒత్తి పలుకుతాడు కదా, ఆ పలుకుబడికి ఏది నప్పుతుంది? ఈ తెలుగు ఎక్కడైనా అచ్చులో చూసినవాళ్లుంటే చెప్పగలరు.

అరసున్న:
‘లు’ తప్ప ఇంకోటి కుదరదండీ. ‘లే’లో ఉన్న ఏకారం అవధారణార్థకం, అంటే నొక్కి చెప్పేది. తన మాట మీద తనకు పట్టు ఉన్నవాడు వాడేది. ఆ హంగేరియన్‌కి తానేం చదువుతున్నాడో తెలియదు, అగ్గిపెట్టె అడుగుతున్నాననుకుంటున్నాడు. అలాంటివాడి నోట అవధారణ ఎలా వస్తుంది?

వంశధార:
అరసున్న గారూ, ‘నిండా’ పక్కన వచ్చే ఏకారం వేరు. ‘ఇంటినిండా చుట్టాలే’, ‘ఒంటినిండా దద్దుర్లే’ అంటాం. అక్కడ ‘వేరేవి కావు, ఇవే’ అని నొక్కి చెప్పడం లేదు. ఎక్కడ చూసినా అవే ఉన్నాయని చెబుతున్నాం. క్రియ లేని వాక్యాన్ని ఆ ఏకారమే పూర్తి చేస్తుంది. ‘నా హోవర్‌క్రాఫ్ట్ నిండా మలుగులు’ అని ఆపితే వినేవాడు ‘ఊఁ, అయితే?’ అని ఎదురుచూస్తాడు. ఇంగ్లీషు వాక్యంలో ఆ ఎదురుచూపు లేదు, కుదురుగా ముగిసిపోతుంది. కాబట్టి నా ఓటు ‘లే’కే.

అరసున్న:
వాక్యం పూర్తి కావాలంటే ‘ఉన్నాయి’ ఉంది కదా. ఇంకా లోతుకు వెళ్తే, ఫ్రేజ్‌బుక్ భాష మన వాడుక భాష కానే కాదు. దొరల కోసం రాసిన పాత తెలుగు వాచకాలు, ఆర్డెన్ వ్యాకరణం లాంటివి తిరగేసినవాళ్లకు ఆ గొంతు తెలుసు. ఆ గొంతులో అయితే ‘నా హోవర్‌క్రాఫ్టు మలుగులతో నిండియున్నది’ అనాలి. స్కెచ్ బలమంతా అక్కడే ఉంది. మాట పిచ్చిది, వ్యాకరణం మాత్రం నిఖార్సయినది. మొదట ‘ఈ రికార్డు నేను కొనను, దీని మీద గీతలు పడ్డాయి’ అంటాడు. కొట్టువాడు టెర్రీ జోన్స్ ‘ఇది పొగాకు కొట్టండీ’ అనగానే, ‘ఈ పొగాకు కొట్టు నేను కొనను, దీని మీద గీతలు పడ్డాయి’ అంటాడు. ఒక నామవాచకం తీసి ఇంకోటి పెట్టాడు, వాక్యం చెక్కు చెదరలేదు. భాష నేర్చుకునేవాడు చేయాల్సిన పనే అది! ఆ ఒక్క మార్పు మీద ఎంత మాట్లాడినా తక్కువే.

థేమ్స్ ఒడ్డు:
‘లే’, ‘లు’ తర్వాత చూద్దాం, ముందు ఈల్స్ సంగతి తేలాలి. ‘మలుగు’ అని ఒంటరిగా ఎంతమందికి తెలుసు? చాలామంది ‘మలుగు పాము’ అంటారు. పాము అన్న మాట చెవిన పడగానే మనకు భయం పుడుతుంది. ఇంగ్లండులో ఈల్ అంటే తిండి. లండన్ ఈస్ట్ ఎండ్‌లో జెల్లీడ్ ఈల్స్ తరతరాలుగా తింటున్నారు, చల్లారాక గడ్డకట్టిన రసంలో ముక్కలు ముక్కలుగా ఉంటాయి. అంటే ఆ వాక్యంలో ఉన్నది పాత లండన్ కూలినాలి జనం తిండి. హోవర్‌క్రాఫ్టేమో అప్పటికి సరికొత్త బ్రిటిష్ ఘనత. 1959లో మొదటిసారి ఇంగ్లిష్ చానెల్ దాటింది, 1968కి కార్లు కూడా ఎక్కించుకుని దాటే పెద్దవి వచ్చేశాయి. స్కెచ్ ప్రసారమైంది 1970 డిసెంబరు 15న. ఆ ఘనతలో ఈ తిండిని కుక్కారు. హోవర్‌క్రాఫ్ట్ బదులు ‘పడవ’ అని పెట్టుకున్నవాళ్లను చూశాను, సగం పస అక్కడే పోయింది.

గోదావరి గట్టు:
తిండే అయితే ఇంత చర్చ దేనికండీ, బొమ్మిడాయిలు అనేయండి. ‘నా హోవర్‌క్రాఫ్ట్ నిండా బొమ్మిడాయిలే.’ వినగానే బొమ్మ కడుతుంది. సన్నగా, పొడుగ్గా, చేతికి దొరక్కుండా జారిపోయే జీవం. బూడిదేసి రుద్ది రుద్ది కడిగితే తప్ప ఆ జిగురు వదలదు. మామిడికాయ ముక్కలేసి పెట్టిన పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది. మలుగు అంటే మా ఇంట్లో పిల్లలకు తెలీదు, బొమ్మిడాయి తెలియనివాళ్లు లేరు.

అరసున్న:
బొమ్మిడాయిని ఇంగ్లీషులో స్పైనీ ఈల్ అంటారు గానీ అది అసలు ఈల్ జాతి కాదు, వరస వేరు. అసలు ఈల్ నదిలో పెరిగి, గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతుంది. యూరప్ ఈల్స్ అయితే సర్గాసో సముద్రం దాకా పోతాయి. బొమ్మిడాయి అలా పోదు. నిఘంటువు ఈల్‌కి మలుగే చెబుతోంది. పైగా అది మంచి పాత ద్రావిడ మాట. తమిళంలో ‘మలంగు’, మలయాళంలో ‘మలఞ్ఞిల్’. తమిళం ‘తూంగు’కి మనది ‘తూఁగు’ అయినట్టే, ‘మలంగు’కి మనది ‘మలుఁగు’ అయి ఉండాలని నా వాదన. అరసున్న పెట్టి రాస్తే ఆ మాట వయసు కంటికి కనిపిస్తుంది.

గోదావరి గట్టు:
వయసు కనిపిస్తే సరిపోతుందా, చేప కనిపించాలి గానీ. సర్గాసో దాకా పోయినా పోకపోయినా వినేవాడికి ‘జారిపోయేది, వంటింటిది’ అని తట్టాలి. మీ అరసున్న మలుగు తట్టించదు.

అమీర్‌పేట:
నేను పిల్లలకు పైథాన్ ప్రోగ్రామింగ్ చెబుతాను. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ పాము బొమ్మ చూపించి ‘ఇది పాము పేరు కాదు’ అని మొదలుపెడతాను. ఆ భాషను తయారుచేసిన గీడో వాన్ రోసమ్ ఆ రోజుల్లో మాంటీ పైథాన్ స్క్రిప్టులు చదువుతూ, పేరు పొట్టిగా, కొంచెం గుట్టుగా ఉండాలనుకుని అదే పెట్టాడు. అందుకే ఆ భాష డాక్యుమెంటేషన్‌లో ఉదాహరణలకు స్పామ్, ఎగ్స్ అని ఉంటాయి. స్పామ్ స్కెచ్, మీరు చెబుతున్న హంగేరియన్ స్కెచ్ రెండూ ఒకే ఎపిసోడ్‌లోవి, రెండో సిరీస్ పన్నెండోది. మెయిల్‌లో వచ్చే చెత్తకు స్పామ్ అనే పేరు అక్కణ్ణుంచి వచ్చిందే. ఒక అరగంట ప్రోగ్రాం మన రోజువారీ మాటల్లోకి ఇంత దూరం రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు స్పామ్ అంటే డబ్బా మాంసమని చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

రుషికొండ:
అదే ఎపిసోడ్‌లో మార్క్స్, లెనిన్, చే గువేరా, మావోలను టీవీ క్విజ్‌లో కూర్చోబెట్టి ఫుట్‌బాల్ ప్రశ్నలు అడుగుతారు. సోఫాసెట్ కోసం ఆడుతున్న మార్క్స్, కార్మికవర్గ పోరాటం మీద ప్రశ్నలకు గడగడా చెప్పి, 1949 కప్ ఫైనల్ దగ్గర ఆగిపోతాడు. శ్రీశ్రీ గుర్తొచ్చాడు నాకు. మార్క్స్‌నీ, అధివాస్తవికతనూ, ఆటనూ ఒకే సంచిలో మోసిన కవి మనకు ఆయనొక్కడే. ఆయన పుస్తకం ‘సిప్రాలి’ చదివినవాళ్లు ఈ గుంపులో చాలామందే ఉంటారు. లిమరిక్కుకు ఆయన పెట్టిన పేరు చూడండి: లిమఋక్కు! ఐర్లండు ఊరి పేరున్న అల్లరి పద్యంలో వేదఋక్కును పెట్టేశాడు. గంభీరమైనదాన్ని తీసుకొచ్చి అల్లరి దాని ఒళ్లో కూర్చోబెట్టడం పైథాన్ బృందం చేసిన పనే. క్లీజ్ డిన్నర్ జాకెట్ వేసుకుని బల్ల ముందు కూర్చుని వార్తలు చదివే గొంతుతో ‘ఇప్పుడు పూర్తిగా వేరే విషయం’ అన్నప్పుడల్లా నాకు ఆ ఋ కనిపిస్తుంది.

అరసున్న:
ఆ ఋ కంటికి మాత్రమే అందే చమత్కారం రుషికొండ గారూ. మనం ఋని ‘రు’ అనే పలుకుతాం కాబట్టి చెవికి ‘లిమరుక్కు’ అవుతుంది, లిమరిక్‌లోని ‘రి’ పోతుంది. ఉత్తరాది వాళ్లలా ‘రి’ అని పలికితేనే రెండూ కలుస్తాయి.

రుషికొండ:
కలవకపోవడంలోనే అందం ఉంది. ‘రి’ అని ఎదురుచూసిన చెవికి ‘రు’ తగిలినప్పుడే ఋక్కు బయటపడుతుంది. శ్రీశ్రీకి ఆ సంగతి తెలియక కాదు. మహాప్రస్థానాన్ని లండన్ నుంచి ఆయన సొంత చేతిరాతలో అచ్చు వేశారు, 1981లో. ఆ దస్తూరిలో అక్షరాలు ఎంత ఇష్టంగా దిద్దుతాడో చూసినవాళ్లు కంటికీ చెవికీ తేడా ఆయనకు పట్టదని అనలేరు.

థేమ్స్ ఒడ్డు:
పైథాన్ వాళ్లు పరాయి భాషను చెవితోనే పట్టుకున్న సందర్భం ఒకటుంది. జర్మన్ టీవీ కోసం రెండు ప్రత్యేక ఎపిసోడ్లు తీశారు. మొదటిదాంట్లో స్కెచ్‌లన్నీ జర్మన్‌లోనే, ధ్వనులు బట్టీపట్టి చెప్పారు. హంగేరియన్ స్కెచ్ రాసిన ఏడాది తర్వాత వాళ్లే ఫ్రేజ్‌బుక్ పట్టుకున్న విదేశీయులయ్యారన్నమాట. స్కెచ్‌లో టెర్రీ జోన్స్ చదివే హంగేరియన్ మాత్రం హంగేరియన్ కాదు, ఉత్త ధ్వనులు. దానికే కదా కొట్టువాడి చెంప పగిలింది.

వంశధార:
ఆ స్కెచ్‌కి ముందు తెర మీద పాకే అక్షరాలను ఎవరూ పట్టించుకోలేదు. 1970లో బ్రిటిష్ సామ్రాజ్యం శిథిలమైపోయిందని, వీధుల నిండా విదేశీయులని, చాలామంది హంగేరియన్లని చెప్పి, హంగేరియన్లు అన్నది వీధుల్ని కాదు, విదేశీయుల్ని అని బ్రాకెట్లో సర్ది చెబుతుంది. ఇంగ్లీషులో ఒకే సర్వనామం రెంటికీ సరిపోతుంది కాబట్టి ఆ తికమక పుట్టింది. తెలుగులో అది పుట్టే వీలే లేదు. వీధులైతే ‘వాటిలో’, మనుషులైతే ‘వాళ్లలో’. మన మహదమహద్భేదం తికమకను మొదట్లోనే తుంచేస్తుంది. మరి దాన్ని తెలుగు చేయాలంటే ఏం చేయాలి? సర్వనామం ఎగ్గొట్టి ‘చాలావరకు హంగేరీవే’ అంటే వస్తుందేమో. అక్కడ కూడా ఏకారం వచ్చింది చూశారా అరసున్న గారూ!

అరసున్న:
‘హంగేరీవే’ అంటే మనుషులకు చెల్లదు, ‘హంగేరీవాళ్లే’ అనాలి. మీ ఏకారం ఇక్కడా పనికిరాలేదు.

అమీర్‌పేట:
తెలుగు చేయలేనివి ఇంకా ఉన్నాయండీ. చచ్చిన చిలుకను అమ్మారని క్లీజ్ కొట్టుకొచ్చి గొడవపడే చిలుక స్కెచ్‌లో, కొట్టువాడు మైకేల్ పాలిన్ ఊరు బోల్టన్ అనీ ఇప్స్‌విచ్ అనీ తికమకపెట్టి, అటునుంచీ ఇటునుంచీ ఒకేలా చదివే మాట అంటాడు. క్లీజ్‌కి ఒళ్లు మండి, బోల్టన్‌ని తిరగేస్తే నాట్‌లాబ్ కదా అంటాడు. తెలుగు లిపిలో బోల్టన్ తిరగేసి రాయడమే నాకు చేతకాలేదు, ఒత్తు ఎటు పోవాలి?

వంశధార:
మనకు తిరగేయాల్సింది అక్షరం, వర్ణం కాదు. కాబట్టి మన దగ్గర బోల్టన్‌కి గతి లేదు. అదే స్కెచ్‌లో చచ్చిపోయిందని చెప్పే మాటల వరస మాత్రం తెలుగులో ఇంకా పొడుగు లాగవచ్చు: పోయింది, గుటుక్కుమంది, హరీమంది, కాలం చేసింది, శివైక్యం చెందింది, కైలాసానికి టికెట్ తీసుకుంది, బాల్చీ తన్నేసింది. ఆ స్కెచ్ రాసిన క్లీజ్, చాప్‌మన్ ఆ వరసను మెట్టు మెట్టుగా పెంచారు. ఇంటిమాటలతో మొదలుపెట్టి చర్చి భాష దాకా వెళ్లి, చివరికి ‘ఇది మాజీ చిలుక’ అని ఉద్యోగం ఊడినవాడికి చెప్పే మాటతో దించేస్తారు. మొదట్లో ఆ కొట్టులో చిలుక లేదు, అమ్మిన కారులో లోపముందని గొడవపడే స్కెచ్ అది. కారు పోయి చిలుక రాగానే ఇన్ని చావుమాటలకు చోటు దొరికింది.

రుషికొండ:
బాల్చీ తన్నేయడం ఇంగ్లీషు నుంచి దిగుమతి అండీ, దాన్ని తీసేయండి. ముందూ వెనకా ఒకేలా చదివే మాట మనకు కావాలంటే వికటకవి ఉండనే ఉంది. ఆ బిరుదున్నాయన పేరు మీదే ‘మేక తోక’ పద్యం చలామణిలో ఉంది. అర్థం లేకుండా ఛందస్సు ఒక్కటే నిలబడే పద్యం అది. టెర్రీ గిలియం కత్తిరించిన బొమ్మల్లో తలకి కాలు, కాలికి తల అతికినట్టు, మేకకి తోక, తోకకి మేక అతుకుతూ పోతాయి.

పినాకిని:
అందరికీ ధన్యవాదాలు. ‘నిండియున్నది’ నాకు చాలా నచ్చింది, కానీ మా సార్ అన్నది అది కాదు. అచ్చులో చూసినవాళ్లు ఎవరూ లేరా?

గోదావరి గట్టు:
అచ్చులో నేను చూడలేదు పినాకిని గారూ. రుషికొండ గారూ, మేక తోక పద్యం మీరు ‘మేక తోకకు’ అని ఎత్తుకుంటారా, ‘తోక మేకకు’ అనా? మా తాతగారు రెండోదే సరైనదనేవారు.

అరసున్న:
యతి చూస్తే తేలిపోతుంది. నాలుగు పాదాలూ పెట్టండి, గణాలు కట్టి చెబుతాను.