క్యాష్ డ్రైవ్ ఉన్నా కాపీ మధ్యలో స్లో అవుతోంది, ఎందుకు?

ప్రశ్న:
ఇంట్లో స్టోరేజ్ సర్వర్‌కి 250 జీబీ ఎస్ఎస్‌డీని క్యాష్‌గా (ఫైళ్లు ముందు వేగంగా దిగే తాత్కాలిక చోటు) పెట్టాను, నెట్‌వర్క్ గిగాబిట్. పెద్ద వీడియో ఫోల్డర్ కాపీ చేస్తే సెకనుకి 110 ఎంబీతో చాలాసేపు బాగానే నడిచి, ఉన్నట్టుండి 40కి పడిపోయి ఇక లేవట్లేదు. ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ కొంటే సరిపోతుందా?

జవాబు 1:
అప్పుడే కొనకండి. గిగాబిట్ మీద 110 అంటే దాదాపు గరిష్ఠం, ఎన్‌వీఎంఈ పెట్టినా అంతే వస్తుంది. నాకు తెలిసి మీ క్యాష్ నిండిపోయి ఫైళ్లు నేరుగా హార్డ్ డిస్కుల మీదికి వెళ్తున్నాయి. పారిటీ (డిస్కు పోయినా డేటా తిరిగి లెక్కగట్టడానికి దాచే అదనపు సమాచారం) ఉన్నచోట ఒక్క బ్లాక్ మార్చాలన్నా ముందు పాత డేటా, పాత పారిటీ చదివి, కొత్త పారిటీ లెక్కగట్టి, డిస్కు ఒక చుట్టు తిరిగి అదే చోటికి వచ్చేదాకా ఆగి రెండూ రాయాలి, అందుకే ఆ నత్తనడక. కాపీ నడుస్తుండగానే క్యాష్‌లో ఖాళీ ఎంతుందో గమనించండి.

జవాబు 2:
ఖాళీ ఉండి కూడా పడిపోతే అనుమానం ఎస్ఎస్‌డీ మీదే. చౌక క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు దాచే) రకాల్లో వేగంగా రాసుకునే భాగం కొంతే, అది నిండాక కొన్ని హార్డ్ డిస్కు కన్నా నెమ్మదిస్తాయి.

జవాబు 3:
మొదటిసారి అంతా ఎక్కించేటప్పుడు ఆ షేర్‌కి (నెట్‌వర్క్‌లో పంచిన ఫోల్డర్‌కి) క్యాష్ తీసేయండి. సర్వర్ సాఫ్ట్‌వేర్ అన్‌రెయిడ్ అయితే రీకన్‌స్ట్రక్ట్ రైట్ (పాత పారిటీ బదులు మిగతా డిస్కులన్నీ చదివి పారిటీ లెక్కగట్టే పద్ధతి) ఆన్ చేయండి, డిస్కులన్నీ తిరుగుతాయి కానీ వేగం బాగా పెరుగుతుంది. ఇంకోటి, మూవర్ (క్యాష్‌లోని ఫైళ్లని హార్డ్ డిస్కులకి మార్చే ప్రోగ్రామ్) తరలించేదాకా క్యాష్‌లోని ఫైళ్లకి పారిటీ రక్షణ లేదు, ఫోటోల్లాంటివి ఉంటే రెండు ఎస్ఎస్‌డీలు మిర్రర్‌లో (రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా) పెట్టండి, దయచేసి.

ప్రశ్న అడిగినవారు:
చూశాను, క్యాష్ నిండగానే పడిపోతోంది. మూవర్ వారానికోసారి నడిచేలా ఉంది, రోజూ రాత్రికి మార్చాను.