బ్యాండ్ సౌండ్‌ల పాడుతుంటే గొంతు పోతున్నది, ఏం చెయ్యాలె?

నల్లగొండ_టీచర్ (ప్రశ్న)

అందరికి నమస్తే. మాది నల్లగొండ, పొద్దంత బడిల పాఠాలు చెప్తా, సాయంత్రాలు ఆర్కెస్ట్రాల పాడతా. పెండ్లిళ్లు, రిసెప్షన్లు, వినాయక చవితి మండపాలు, బతుకమ్మ అప్పుడు కాలనీ ప్రోగ్రాంలు, పిలిస్తే పోతం. మా టీంల రెండు కీబోర్డులు, ఆక్టోపాడ్, ఢోలక్, బేస్ గిటారు ఉంటయి, ఆఖర్ల డ్యాన్స్ పాటలకు నలుగురు డప్పులోళ్లు గూడ స్టేజి ఎక్కుతరు.

మొదటి గంట బాగనే పాడతా, ఆ తర్వాత పైస్థాయి పట్టినప్పుడల్లా గొంతు చీలుతది, మెడ నరాలు గుంజుతయి, తెల్లారి బడిల హాజరు పిలుస్తుంటే గొంతు బొంగురుపోయి పిల్లలు ఏంది మేడం అని చూస్తరు. కిందున్నోళ్లేమో అక్కా సక్కగ వినపడుతున్నది అంటరు, కానీ స్టేజి మీద నాకు నా గొంతే వినపడదు, గుమ్ గుమ్ అని బేస్ ఒక్కటే. ఇంట్ల కరక్కాయ దవడకు పెట్టుకో, మిరియాల పాలు తాగు అంటరు, టీంల వాళ్లేమో పాడంగ పాడంగ గొంతే అలవాటు పడతది అంటరు. నిజంగ అలవాటు పడతదా? చెవుల పెట్టుకునే మానిటర్, అంటే పాడేటోళ్ల గొంతు వాళ్లకే వినిపించేది, కొనాల్నా? మాఘమాసంల ముహూర్తాలు మస్తు ఉన్నయి, గప్పటికి ఒక దారి దొరకాలె. పాట ఇడిసిపెట్టుడు నాతోని కాదు, అది మాత్రం ఎవ్వరు చెప్పకుర్రి.

పాలమూరు_సౌండ్

అక్కా, మీ గొంతుల తప్పేం లేదు, మీరు నిలవడే జాగల ఉన్నది తిప్పలంతా. మెయిన్ బాక్సులు జనం దిక్కు తిరిగి ఉంటయి, మీరు వాటి ఎనక ఉంటరు. మాట స్పష్టంగ వినపడాలంటే సన్నపు సౌండ్ కావాలె, అది బాక్సు మూతి ఎటుంటే అటే పోతది, బేస్ ఒక్కటే నాలుగు దిక్కులకు తిరిగొస్తది, అందుకే మీకు గుమ్ గుమ్ తప్ప ఏం వినపడదు. పైంగ మన ఫంక్షన్ హాళ్లల్ల రేకుల కప్పు, నున్నటి గోడలు, గా మోత అంతా మళ్ల మీ మీదికే వస్తది.

ముందుగాల మీ కాళ్ల ముంగట ఒక మానిటర్ బాక్సు అడుగుర్రి, మీ టీంల ఉన్నా సైడ్‌కు పెట్టి అందరికి కలిపి ఒక్కటే ఇస్తుంటరు, అది పనికిరాదు. మీ మానిటర్‌ల మీ గొంతు, శ్రుతి తెలిసేంత కీబోర్డు, గంతే ఉండాలె. మైకు ఏదో గూడ చూస్కోండ్రి. మామూలు షూర్ ఎస్ఎం58 అసోంటిదైతే దాని తోక, అంటే వైరు తగిలించే కొస, దిక్కుకెళ్లి వచ్చే సౌండ్‌ను అన్నిటికన్నా తక్కువ పడతది, కాబట్టి మానిటర్ నేరుగ తోకకు ఎదురుంగ పెట్టాలె. బీటా 58 అయితే తోక దిక్కు జర పడతది, తక్కువ పట్టేది ఎనక పక్కల మీద, అందుకే మానిటర్‌ను కొంచెం పక్కకు జరపాలె. ఇది తెల్వక మైకు కూయంగనే ఆపరేటర్ మీ వాయిస్ తగ్గిస్తడు, మీరు ఇంక గట్టిగ అరుస్తరు. ఇంకోటి, మైకు జాలీని పిడికిట్ల పట్టుకోకుర్రి, వీడియోలల్ల స్టైల్‌గ కనపడతది గానీ అట్ల మూస్తే మైకు అన్ని దిక్కులకెళ్లి సౌండ్ గుంజుతది, కూత మొదలైతది.

అసలు విషయం ఇంకొకటి చెప్తా. మీ దగ్గర ఉన్నది ఆక్టోపాడ్, నిజమైన డ్రమ్స్ కాదు. ఆక్టోపాడ్‌ల సొంతంగ వచ్చే మోత కట్టె ప్యాడ్ మీద పడ్డ చప్పుడంత, మిగతాదంతా స్పీకర్‌లకెళ్లే వస్తది, అంటే స్టేజి మీద ఎంత ఉండాల్నో మనం చెప్పినంతే ఉంటది. వాయించే తమ్మునికి చెవుల మామూలు వైరు ఇయర్‌ఫోన్ పెట్టి వాని మానిటర్ బాక్సు తగ్గించుర్రి, బేస్ గిటారు ఆంప్‌ను గూడ వాయించేటాయన చెవి దిక్కు లేపి పెట్టి సగానికి దించుర్రి, సగం లొల్లి అక్కడ్నే తీరుతది. డప్పులను మాత్రం తగ్గించలేం, వాళ్లను స్టేజి దించి జనం నడుమ నిలవెట్టుర్రి, పెండ్లోళ్లకు గూడ గదే హుషారు. బయట జాగల అయితే దూరం రెండింతలు అయిన కొద్దీ దగ్గర దగ్గర 6 డెసిబెల్స్ తగ్గుతది, అది చాన ఎక్కువ.

సౌండ్ చెక్ అప్పుడు నా వాయిస్ పెంచు అని అడగకుర్రి, మిగతాయి దించు అనుర్రి. పెంచుకుంట పోతే దానికి అంతం లేదు.

మిర్యాలగూడ_స్వరం

పైన చెప్పిన అన్న మాట నూటికి నూరు పాళ్లు కరెక్టు. చుట్టూ చప్పుడు పెరిగితే మనకు తెల్వకుండనే గొంతు పెంచుతం, దీన్ని 1911ల ఫ్రాన్సుల ఎతియెన్ లొంబార్డ్ అనే డాక్టరు గుర్తించి చెప్పిండు, ఇప్పటికి లొంబార్డ్ ఎఫెక్ట్ అనే అంటరు. మీరు వద్దనుకున్నా అది ఆగదు, కాబట్టి నెమ్మదిగ పాడాలె అని మనసుల గట్టిగ అనుకుంటే సరిపోదు, వినపడేటట్టు చేసుకోవాలె. అలవాటు పడతది అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. సాధనతోని గొంతుకు బలం వస్తది, దెబ్బలతోని రాదు.

నేను పిల్లలకు సంగీతం చెప్తా, నా దగ్గరికి వచ్చే ఆర్కెస్ట్రా పిల్లలల్ల ఎక్కువ మంది గొంతు పోయేది సౌండ్‌తోని సగం, శ్రుతితోని సగం. సినిమా పాట రికార్డుల ఏ శ్రుతిల ఉంటే గదే శ్రుతిల పాడాలని పట్టు పడతరు. ఆ పాట పాడినోళ్లు స్టూడియోల చల్లటి గదిల, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని, ముక్కలు ముక్కలుగ పాడి ఉంటరు. మీరు జనం నడుమ గంటల తరబడి పాడతరు. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటది గద, ఒక మెట్టో రెండు మెట్లో దించమనుర్రి, ట్రాక్ మీద పాడినా మొబైల్ యాప్‌ల దించొచ్చు. కింద కూసున్నోళ్లల్ల ఒక్కరు గూడ గుర్తుపట్టరు, మీ గొంతుకు మాత్రం పాణం లేచొస్తది. పాటల వరుస గూడ చూస్కోండ్రి, పైస్థాయి పాటలు రెండు పక్క పక్కకు రావొద్దు, నడుమ ఒక డ్యూయెట్ లేకుంటే మగ గొంతు పాట పడాలె.

ఇగ స్టేజి ఎక్కే ముందు సంగతి. డప్పును మంట కాడ కాపకుండ కొడితే ఎట్ల మోగదో గొంతు గూడ గట్లనే, కానీ కాపుడు అంటే సరిగమలు గట్టిగ అరుసుడు కాదు. బోండాం నీళ్ల స్ట్రా ఒకటి దగ్గర పెట్టుకోండ్రి. పెదాల నడుమ పెట్టి ఊ అనుకుంట కిందికెళ్లి పైకి, పైకెళ్లి కిందికి మెల్లగ జారిపోవాలె, గాలి ముక్కుల నుంచి పోవద్దు, మొత్తం స్ట్రాలకెళ్లే పోవాలె. ఒక అయిదు నిమిషాలు చాలు. సీసల రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి స్ట్రా ముంచి బుడగలు వచ్చేటట్టు అన్నా మంచిదే. సన్నటి దారి కాబట్టి లోపల గాలి ఒత్తిడి నిలవడతది, ఆ ఒత్తిడికి స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగ కొట్టుకోకుండ నిమ్మళంగ కలుస్తయి. ప్రోగ్రాం అయినంక గూడ ఒకసారి చెయ్యుర్రి, చాన మంది ఇది మర్చిపోతరు.

మైకు పెదాలకు రెండు వేళ్ల దూరంల ఉండాలె, పైస్థాయి వచ్చినప్పుడు జర దూరం తియ్యాలె. దూరం పట్టుకొని పాడితే మీ గొంతు కన్నా ఢోలకే ఎక్కువ పోతది మైకులకు.

ధూంధాం_పాటగాడు

మీరు చెప్పేయన్ని హాలుల నడుస్తయి అన్నా. మేము నాగర్‌కర్నూల్ దిక్కు ధూంధాం పాటగాళ్లం, కురుమూర్తి జాతర, పెద్దగట్టు జాతర అసోంటి కాడ పాడేటప్పుడు మానిటరూ లేదు, సౌండ్ చెక్కూ లేదు, పక్కకే జనరేటర్, నాలుగడుగుల దూరంల డప్పులు. మా పద్ధతి చెప్తా, పనికొస్తే తీస్కో చెల్లె.

పాటగాళ్లు ఒక చెయ్యి చెవికి పెట్టుకొని పాడుడు చూసే ఉంటవు. అది ఊకెనే పెట్టుకునేది కాదు, చెవి మూస్తే నీ గొంతు నీ తల ఎముకలల్లకెళ్లి లోపలికి వినపడతది, శ్రుతి దొరుకుతది, అరవాల్సిన అవసరం ఉండదు. చేతుల మైకు, చేతుల కాయితం ఉండి కుదరకుంటే మందుల దుకాన్ల దొరికే స్పాంజి బిళ్ల డప్పుల దిక్కున్న చెవిల పెట్టుకో. నేను గదే చేస్త.

రెండోది కోరస్. పల్లవి మొత్తం నువ్వే మోస్తే పోతవు. పిలుపు నీది, జవాబు వాళ్లది, వాళ్లు అందుకున్నంత సేపు నువ్వు ఊపిరి పీల్చుకుంటవు, జనం గూడ అందుకుంటే ఇంక మంచిది. మూడోది, పాటకు పాటకు నడుమ మాట్లాడకు. కీబోర్డు తమ్మీ అని స్టేజి ఆ మూలకెళ్లి ఈ మూలకు మొత్తుకుంటవు చూడు, గొంతు పోయేది అక్కడ్నే, పాటల కాదు. మేము చేతి సైగలతోని నడిపిస్తం, వేళ్లు కిందికి చూపిస్తే శ్రుతి దించమని, పిడికిలి అంటే ఆపమని. ముచ్చట్లు చెప్పెటందుకు యాంకర్‌ను పెట్టుకోండ్రి. ఇగ జాతరలల్ల దుమ్ము, జనరేటర్ పొగ, పటాకులు, గివి ఉన్న దిక్కు మొఖం పెట్టి నిలవడకు.

కరక్కాయ మేము గూడ నములుతం, నోట్లె తడి ఊరుతది.

వనపర్తి_స్పీచ్‌థెరపీ

నాది స్పీచ్ థెరపీ పని. కరక్కాయ, మిరియాల పాలు, మాత్రలు వీటి గురించి ఒక్క మాట. మనం మింగేది ఏదైనా అన్నం పేగుల పోతది, స్వరతంత్రులు ఉండేది గాలి గొట్టం పైన, మింగేటప్పుడు అది మూసుకుంటది. అంటే ఏ కషాయమైనా వాటికి నేరుగ తాకదు, గొంతుకు హాయిగ ఉంటది గంతే. నేరుగ తాకేది ఆవిరి ఒక్కటే, ఏ మందూ కలపని ఉత్త నీళ్ల ఆవిరి. తాగిన నీళ్లు గూడ ఒంట్ల తిరిగి అక్కడికి చేరాలంటే టైం పడతది, స్టేజి ఎక్కినంక గటగట తాగితే అప్పుడే పనిచెయ్యవు, పొద్దుగాల్నుంచి కొంచెం కొంచెం తాగుకుంట ఉండాలె. పుదీన మెంథాల్ బిళ్లలు సల్లగ అనిపిస్తయి గానీ నొప్పి తెల్వకుండ చేస్తయి, నొప్పి తెల్వకుంటే ఇంక గట్టిగ పాడతరు, అది ప్రమాదం.

ఎవ్వరు చెప్పనిది ఇంకోటి, రాత్రి ఒంటిగంటకు పెండ్లి బిర్యానీ తిని వెంటనే పండుకుంటరు గద, పులుపు పైకి తన్ని స్వరపేటికను మంటపెడతది, తెల్లారి బొంగురుకు అది గూడ కారణం కావచ్చు. పాటకు ముందే తేలికగ తిని, అయినంక పెరుగన్నం కొంచెం తిని, జర సేపు ఆగి పండుకోండ్రి.

బొంగురు పోయిన రోజు గుసగుసగ మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటరు, చాన మంది గుసగుసల గూడ గొంతు బిగబడతరు. మాట్లాడితే మెల్లగ మామూలు గొంతుతోని మాట్లాడుర్రి, లేకుంటే పూర్తిగ ఊకోండ్రి, మాటిమాటికి గొంతు సవరించుకోకుర్రి.

మేడం, మీకు అసలు బరువు బడి. పొద్దంత గదిల గొంతు పెట్టి సాయంత్రం మళ్ల పాట అంటే నడుమ విరామం ఎక్కడ ఉన్నది? నడుముకు కట్టుకునే చిన్న స్పీకరు, తలకు పెట్టుకునే మైకు దొరుకుతయి, టూరిస్టు గైడ్లు వాడేటియి, అది క్లాసుల వాడుర్రి. మైకు పెట్టుకున్నరని పిల్లలు రెండు రోజులు నవ్వుతరు, మూడో రోజు మర్చిపోతరు.

బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. సన్నటి కెమెరాతోని స్వరతంత్రులు చూస్తరు, నాడ్యూల్స్ అనే కాయలు ఉంటే తెలుస్తది, మొదట్ల దొరికితే ఎక్కువ మందికి థెరపీతోనే తగ్గుతయి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌ల ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నయి, ఈఎన్‌టీ విభాగం అక్కడ ఉంటది. పాడుతుంటే ఒక్కసారిగ గొంతు పోతే మాత్రం మూడు వారాలు ఆగొద్దు, ఆ పాట అక్కడ్నే ఆపి ఆ వారంల్నే చూపించుకోండ్రి, లోపల రక్తం చేరిండొచ్చు.

నల్లగొండ_టీచర్

అందరికి పెద్ద నమస్కారం. నిన్న రిహార్సల్‌ల ఆక్టోపాడ్ తమ్మునికి ఇయర్‌ఫోన్ ఇచ్చి వాని బాక్సు దించినం, నా గొంతు నాకు వినపడ్డది, ఇన్నేండ్లకు! రెండు పాటలు ఒక మెట్టు దించి గూడ పాడిన. బడికి నడుము స్పీకరు గూడ తెప్పిస్తున్న. ఇంక ఒక్క డౌటు, పాలమూరు అన్నా, మొబైల్‌కు వాడే బ్లూటూత్ బడ్స్ ఉన్నయి నా దగ్గర, అవ్వే మానిటర్ లెక్క పెట్టుకోవచ్చా?

పాలమూరు_సౌండ్

వద్దక్కా. బ్లూటూత్‌ల సౌండ్ ఆలస్యంగ వస్తది, పాట వినేటప్పుడు తెల్వదు గానీ మీరు పాడేటప్పుడు మీ మాట మీకే ఎనక వినపడి తాళం తప్పుతది. వైరు ఇయర్‌ఫోన్, నడుముకు పెట్టుకునే చిన్న హెడ్‌ఫోన్ ఆంప్, బెహ్రింజర్ పీ2 అసోంటిది, మిక్సర్ ఆక్స్‌లకెళ్లి (మానిటర్‌కు విడిగ సౌండ్ పంపే దారి) ఒక వైరు, గంతే. రబ్బరు మూతి చెవుల గట్టిగ కూసోవాలె, బయటి లొల్లి తగ్గితేనే లోపల తక్కువ వాల్యూం సరిపోతది. రెండు చెవులకూ పెట్టుకోండ్రి, ఒక్కదానికే పెడితే రెండో చెవిల మోతకు పోటీగ వాల్యూం పెంచుతరు. అమెరికాల పని జాగల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు, 100 అయితే 15 నిమిషాలే భద్రం, చెవి పోతే మళ్ల రాదు. పెట్టుకునేటప్పుడు ఆంప్ వాల్యూం సున్నాల పెట్టి, మైకు ఆన్ అయినంక మెల్లమెల్లగ లేపుర్రి, ఎవరన్న వైరు పీకితే టప్‌మని కొడతది కాబట్టి సౌండ్ ఆపరేటర్‌కు ముందే చెప్పి పెట్టుర్రి.