ఈ వారం సమస్య: నిప్పు లేని పొగను నీటఁ గంటి

కడప (సమస్య ఇచ్చినవారు):
ఛందస్సు ఆటవెలది. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ఇచ్చినది నాలుగో పాదం. అర్థం అతికేలా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

మొన్న ఆదివారం స్నేహితుడు గోవా నుంచి పాల్ జాన్ వాళ్ల ‘ఎడిటెడ్’ అనే విస్కీ తెచ్చాడు. సింగిల్ మాల్ట్, అంటే ఒకే బట్టీలో మాల్ట్‌తో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతో) చేసినది. ఆల్కహాలు 46 శాతం. పొగ పట్టిన మాల్ట్ కొంత, పట్టనిది ఎక్కువ కలిపి చేస్తారు. విదేశీ సీసాలతో పోలిస్తే ధర అందుబాటులో ఉంటుంది. ముందు తేనె, కాఫీ గింజల వాసన వచ్చింది. నాలుగు చుక్కల నీళ్లు వేసి మళ్లీ చూస్తే, చేలో చెనక్కాయలు కాల్చిన చోట మర్నాడు పొద్దున మిగిలే వాసన. అప్పుడు పుట్టిందీ పాదం. విస్కీ మీదే రాయాలని లేదు.

అనంతపురం:
యవలు మొలకలెత్తి యారుచుండఁగ నాడు
పీటు మంట పొగను పీల్చె నవియె
చుక్క నీరు కలిపి చూచితి వాసన
నిప్పు లేని పొగను నీటఁ గంటి

ప్రొద్దుటూరు:
అక్కా, ధార బాగుంది. యతులన్నీ కుదిరాయి. నాదొక అభ్యంతరం. సమస్య ‘నిప్పు లేని’ అంటుంటే మీరు రెండో పాదంలో మంటే పెట్టారు. విరోధం తీరినట్టా, పెరిగినట్టా? పీటు అంటే ఏమిటో కూడా చెప్పండి.

అనంతపురం:
మాస్టారూ, చిత్తడి నేలల్లో నాచు, మొక్కలు సగం కుళ్లి వేల ఏళ్లు పేరుకుంటే ఏర్పడే నల్లటి మన్ను అది. కోసి, ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. స్కాట్లండులో బార్లీ మొలకలను దాని సెగ మీద ఆరబెట్టేవారు. ఆ పొగ గింజ పొట్టుకు పట్టి, బట్టీ దాటి, పీపాలో ఏళ్లు గడిపి సీసా దాకా వస్తుంది. తెలుగులో దీనికి వాడుక మాట దొరక్క అలాగే ఉంచాను. మంట ఉన్నది అక్కడ, పొగ దొరికింది ఇక్కడ. అందుకే ‘నాడు’ అన్నాను.

కడప:
అక్క మాటే నాకూ సబబు. ఆ ‘నాడు’ తీసేస్తే పద్యం కూలిపోతుంది. నిప్పుకూ పొగకూ మధ్య ఏళ్ల దూరం పెట్టి విరోధం తీర్చారు. ఇలాంటి పూరణ కోసమే ఎదురుచూశాను. ‘అవియె’లో చివరి ఎత్వం మాత్రం గణం కోసం వచ్చినట్టుంది.

నీటి సంగతి కల్పన కాదు. 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలిద్దరు కంప్యూటర్ నమూనాలతో చూపించారు. పొగ వాసననిచ్చే గ్వయకోల్ అనే పదార్థం నీళ్లు కలిపినప్పుడు ద్రవం పైపొరకు చేరుతుందట. ముక్కుకు ముందు అందేది పైపొరే కదా.

జమ్మలమడుగు:
నాకు మందు అలవాటు లేదు. మా ఊరి దారి పట్టాను.

గండికోట లోయ గట్టుపై నిలుచుండి
పెన్న వైపు చూడఁ బెద్ద మంచు
తెల్లవాఱు వేళఁ దేలుచు నుండఁగ
నిప్పు లేని పొగను నీటఁ గంటి

కడప:
చలికాలం పొద్దున ఆ అంచున నిలబడ్డవాళ్లకు ఈ పద్యం అబద్ధమని అనిపించదు. ‘పెద్ద’ ఒక్కటే యతి కోసం తెచ్చినట్టుంది. మంచుకు పెద్దాచిన్నా ఏమిటి? ‘పెన్న వైపు చూడ వెండి మంచు’ అనండి. ప-వ యతి చెల్లుతుంది, రంగూ వస్తుంది.

కర్నూలు:
ధరను చూచి కొంత తగ్గిన సీసాను
తెచ్చి యన్నతోడఁ దెఱచినాను
మొదటి గుక్క ఘాటు నాలుకఁ గాల్చెను
నిప్పు లేని పొగను నీటఁ గంటి

ప్రొద్దుటూరు:
తమ్ముడూ, మూడో పాదంలో ‘మొ’కు ‘నా’తో యతి కుదరదు. ప్రాసయతీ లేదు.

కడప:
యతి ఒక్కటే కాదు. నాలుక కాలింది సారా ఘాటుకు, పొగకు కాదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టి నిదానంగా వాసన చూశాక చిన్న గుక్క తీసుకుంటే ఆ తేడా తెలుస్తుంది. పైగా మూడు పాదాల్లో ఎక్కడా నీళ్లు లేవు, నాలుగో పాదంలో ‘నీట’ ఎక్కడి నుంచి వచ్చినట్టు? ధర సంగతి మాత్రం మంచి ఎత్తుగడ, వదలొద్దు. పీపాలో ఏళ్లు గడిచేకొద్దీ పొగ మెత్తబడుతుంది. పొగ కావాలంటే పాతబడిన ఖరీదైన సీసాయే అక్కర్లేదు.

కర్నూలు:
అన్నా, మళ్లీ రాశాను. రెండు పాదాలూ అవే.

ధరను చూచి కొంత తగ్గిన సీసాను
తెచ్చి యన్నతోడఁ దెఱచినాను
మొదటి ఘాటు తగ్గ మూడు చుక్కలు వేసి
నిప్పు లేని పొగను నీటఁ గంటి

కడప:
మూడు చుక్కలు పడగానే ‘నీట’కు చోటు దొరికింది. ‘మొ’కు ‘మూ’ యతి సరిపోయింది. నీళ్లు వేసింది ఘాటు తగ్గాలని, బయటపడింది పొగ. ఆదివారం నాకు జరిగిందీ అదే. ఈ పూరణ తీసుకుంటున్నాను తమ్ముడూ.